బోపయ్య సావుకారు ఇచ్చిన మీట తుపాకీ

"తుపాకీ అంటే మనిషంత పొడుగుండాలని ఎవురప్పా చెప్పింది నీకు? నా తుపాకీ రెండు మూర్లు. గట్టిగా చెప్పాలంటే రెండు మూర్లకు నాలుగు వేళ్లు తక్కువ. చెంకలో పెట్టుకోని పోతాంటే గొడుగనుకుంటారు చూసినోళ్లు."

రామాంజనేయులు టీ గ్లాసు బండ మీద పెట్టి రెండు చేతులూ చాపి కొలత చూపించినాడు. కదిరి రోడ్డులో కొండదారి చీలే చోట కదిరమ్మ టీ అంగడి ఉంది. పొద్దున పూట. ఎదురుగా బెంచీ మీద గార్లదిన్నె పిల్లోడు శశికుమార్ కూర్చున్నాడు. కొండ మీద గాలిమరలకు కాపలా పని దొరికింది అతనికి. ఆ పొద్దే మొదటి రోజు. దారి అడిగేదానికి ఆగి, "పైన ఎలుగ్గొడ్లు తిరుగుతాయంట, నిజమేనా?" అని ఎలుగుబంట్ల గురించి ఒక్క మాట నోరు జారినాడు. రామాంజనేయులుకు అంతకంటే ఏం కావాల?

"కరువేడాది కొడగుకు పోయినా నేను, కాఫీ తోటల్లో పనికి. బోపయ్య సావుకారని, ఆయన తోట. వాళ్ల తాత కాలం నాటి తుపాకీ ఒకటి ఉండాది ఆయన దగ్గర. మీట తుపాకీ. మన నాటు తుపాకీకైతే మందు కూరాల, గుండు కూరాల, ఆ లోపల పంది నీ తొడ చీల్చి ఇంటికి పోయి పండుకుంటాది. దీనికట్ల కాదు. గొట్టం కింద ఇంకో గొట్టం, దాంట్లో తూటాలు వరసగా పండుకోని ఉంటాయి. ఇదో, ఈడ, పిడి కింద ఉంగరం మాదిరి మీట. వేళ్లు దూర్చి కిందికి లాగితే కాలిన తూటా డొక్క ఎగిరి బయట పడతాది, మీదికి తోస్తే కొత్తది ఎక్కుతాది. ఠక్, ఠక్. అంతే. కాఫీ చెట్ల గుబుర్లో పొడుగు తుపాకీ కొమ్మకొమ్మకూ తగులుకుంటాది. ఇది తగులుకోదు. పొట్టిది గదా, మేక దూరే సందులో దూరతాది."

"నువ్వేం చేసేవాడివి పెద్దాయనా ఆడ?" అన్నాడు శశికుమార్.

"సావుకారు ముందు, నేను ఎనకాల. ఒకనాడు ఏమైందంటే, పంది. దూడంత ఉండాది. సావుకారు చెప్పు తెగి కూలబడినాడు. తుపాకీ నా చేతిలో. ఆకాశానికి పెట్టి ఒక్కటి కాల్చినా. పంది తిరుక్కోని పోయింది. నేనేమీ గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు, ఉండేది చెప్తాండా. తిరుక్కోని పోయింది, అంతే."

పక్కన బీడీ ముట్టించుకుంటున్న నల్లప్ప దగ్గినాడు. నల్లప్పదీ రామాంజనేయులుదీ పక్కపక్క చేన్లు. ఈ కథ ఎన్నిసార్లు విన్నాడో ఆయనకే తెలియదు. "పోయినసారి పంది చచ్చిపోయిందంటివే రామాంజీ?"

"అది వేరే పంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను ఊరికి వచ్చే పొద్దు సావుకారు కండ్ల నీళ్లు పెట్టుకోని, 'ఇదు నిందే కణో రామాంజీ' అని తుపాకీ నా చేతిలో పెట్టినాడు. నీదేరా అని. పంచె మడతల్లో పెట్టుకోని మైసూరులో బస్సెక్కినా. దారిలో వాన. బస్సు పైన రేకు కారతాండాది. కండక్టరు నా తావకొచ్చి, 'ఏమప్పా, గొడుగు పెట్టుకోని ఊరికే కూచున్నావు, తెరువు' అన్నాడు."

"తెరిచినావా?"

"మీట లాగితి. ఠక్. ప్యాసింజర్లు దిగిపోతారు గానీ కండక్టరు దిగిపోయేది యాడన్నా చూసినావా నువ్వు? ఆ పొద్దు చూసినా."

కదిరమ్మ టీ వడపోస్తూ నవ్వింది. నల్లప్ప మాత్రం వదల్లేదు. "ఎలక్షన్లొస్తే ఊర్లో తుపాకీలన్నీ టేషన్లో పెట్టాల గదా? నీది ఎప్పుడూ కండ్లబడలేదే నాకు?"

"కండ్లబడకూడదనే గదప్పా పొట్టిది ఇచ్చింది!"

శశికుమార్ నవ్వబోయి, కొండవైపు చూసి, మళ్ళీ ముఖం బిగించుకున్నాడు. "ఎలుగ్గొడ్డు సంగతి చెప్పు పెద్దాయనా."

అప్పుడే బయమ్మ వచ్చింది. కొత్తచెరువు ఆటో కోసం రోజూ అక్కడే నిలబడుతుంది. రామాంజనేయులు వీపు అటుంది. కదిరమ్మ ఏదో అనబోతే బయమ్మ వద్దని కండ్లతోనే చెప్పి, వెనకాల అరుగు మీద కూర్చొని, కుడిచేత్తో టీ అందుకుంది. ఎడమచేయి కొంగు కిందే ఉంది.

"చెప్తా విను. పోయిన సీతాఫలాల కాలం. కొండ కింద నా చేను. చెనిక్కాయ చెట్లు మోకాటికి వచ్చినాయి. నేను చేన్లో ఉన్నా. మీద గుట్టలో ఆడమనిషి అరిచినట్లయింది. ఎగిరి గెనిం గట్టు మీదికెక్కి చూస్తే ఎలుగ్గొడ్డు! దాని కింద మనూరి మనిషి ఒకామె. పండ్లు కోసేదానికి పోయింటాది పాపం. తీసినా తుపాకీ. మామూలోడైతే చేతులు వణకతాయి. నాకు వణకలేదు. నా చేయి ఎట్లుండాదంటే, ఆ చేయి మీద నిండు చెంబు పెట్టినా నీళ్లు తొణకవు. ఠక్, ఠక్! ఎంత బిరీన కాల్చినానంటే, ముందు తూటా ఇంకా గొట్టంలోనే ఉండాది, ఎనకాల తూటా వచ్చి 'జరగప్పా, నేను పోవాల' అనింది."

"చచ్చిందా?"

"చంపితే ఫారెస్టోళ్లు ఊరుకుంటారా? నేను సట్టం తెలిసినోడిని. నెత్తి మధ్యలో వెంట్రుకలు మాత్రం చీలేట్లు కాల్చినా. పాపిట! అద్దం పెట్టి తీసినట్ల పాపిట. దాన్ని చూసి సిగ్గుపడి అది పోతాంటే, ఎనకాల దాని అన్నదమ్ములంతా దిగినారు. గుట్టంతా నలుపే. అన్నింటికీ తీసినా పాపిట్లు. ఇప్పుడు నువ్వు కొండెక్కినప్పుడు పాపిట తీసుకున్న ఎలుగ్గొడ్డు కనబడితే భయపడాకు. అది నాకు తెలిసిందే."

నల్లప్ప బీడీ ఆరిపోయింది, నవ్వు ఆపుకోలేక.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక తూటా గురి తప్పలేదు గానీ, పాపిట తీసి ఇంగా జోరు మిగిలి, పోయి బండకు తగిలి, బండ కాణ్నించి లేచి గాలిమర రెక్కకు తగిలింది. ఆ పొద్దు గాలి చుక్క లేదు. మర గిర్రుమని తిరిగింది! ఊర్లో అందరిండ్లల్లో ఫ్యాన్లు ఆడినాయి."

"ఏ మర పెద్దాయనా? నేను కాపలా కాసేదేనా?"

"అదే. రెక్క చివర రోంత సొట్ట ఉంటాది, చూడు పోయి. సరే, ఆ తూటా ఆడన్నా ఆగిందా? ఆగలే. రెక్క తిప్పినట్ల తిరిగి మీదికి పోయింది. నేరుగా మీదికి. మీద ఒంటి మోడం, మబ్బు, ఒకటి ఉండాది. మన మోడాలు తెలుసు గదా, వస్తాయి, చూస్తాయి, కర్ణాటకకు పోతాయి. అదీ పోతాండాది, మన మొగాన చూడకుండా. తూటా పోయి దాని కడుపులో తగిలింది. తూటు పడింది. ఇంగ చూడు, వాన! కుండకు చిల్లు పడినట్ల. ఎలుగ్గొడ్లు తడిసి, పాపిట్లు చెరిగి..."

ఎవరూ నవ్వలేదు. రామాంజనేయులు కూడా ఆగి చూసినాడు. నల్లప్ప రోడ్డు అవతల చేన్లవైపు చూస్తున్నాడు. విత్తనం పడినాక సరైన వాన లేదు ఈ ఏడాది. చెనిక్కాయ ఆకు మధ్యాహ్నానికి ముడుచుకుంటోంది.

"ఎంత పడింది రామాంజీ?" అన్నాడు నల్లప్ప. గొంతులో ఎగతాళి లేదు.

"పదును పడింది. సాళ్లు నిండి పారింది."

"మా చేన్లో?"

"నీ చేన్లో పడకుండానా? నీ చేను తట్టే గదప్పా నేను గురి పెట్టింది!"

నల్లప్ప తల ఊపినాడు, నిజంగానే పడినట్టు. కదిరమ్మ అడగకుండానే ఆయన గ్లాసులో ఇంకాస్త టీ పోసింది.

శశికుమార్ లేచి సంచి భుజానికేసుకున్నాడు. ముఖంలో కొంచెం ధైర్యం వచ్చింది. "ఎట్లయినా నా దగ్గర తుపాకీ లేదు గదా పెద్దాయనా. నేనైతే చెప్పులు చేత్తో పట్టుకోని, ఆకు గూడా కదలకుండా, సద్దు లేకుండా ఎక్కిపోతా. దానికి తెలిస్తే గదా."

"పో, పో. ఎదురుపడితే నా పేరు చెప్పు, దారిస్తాది."

"నిలబడు నాయనా!"

రామాంజనేయులు గిరుక్కున తిరిగినాడు. బయమ్మను చూసి గ్లాసు ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. గ్లాసులో టీ లేదు.

బయమ్మ శశికుమార్‌తోనే మాట్లాడింది. "సద్దు లేకుండా పోయి సచ్చేదాన్ని నేను. పండ్లు కోసుకుంటా నోరు మూసుకోని పొద చుట్టూ తిరిగితి. అవతల తట్టు అదీ పండ్లు తింటాండాది. దానికి నేను తెల్దు, నాకు అది తెల్దు. ఒక్కసారిగా ఎదురుపడితే అదీ బెదిరింది. బెదిరి మీద పడింది. అది కావాలని వచ్చేది కాదు నాయనా, మనిషి సద్దు ఇంటే దాని దారిన అది పోతాది." కొంగు తొలగించింది. భుజం నుంచి మోచేతి దాకా చర్మం ముడతలు పడి, చేయి వంకరగా నిలబడిపోయి ఉంది. "ఈ చేయి మీదికి లేయదు."

శశికుమార్ ఆ చేతిని చూసి, రామాంజనేయులును చూసినాడు. "అయితే పెద్దాయన చెప్పిన ఆమె..."

"నేనే. ఈయన చెప్పిన తుపాకీ గూడా చెప్తా విను. చేన్లో పురుగుల మందు కొడతాన్న్యాడు ఈయన. వీపున మందు డబ్బా. పరిగెత్తుకోని వచ్చినాడు, ఆ డబ్బాతోనే. దించేదానికి గూడా తోచలేదు. ఎలుగ్గొడ్డుకు జానెడు దూరంలో నిలబడి, మీట కొడతా, కొడతా, దాని కండ్లల్లో కొట్టినాడు మందు. అది తుమ్ముకుంటా పోయింది. తూటా లేదు, పాపిట లేదు."

"మందు డబ్బాకు గూడా మీట ఉంటాది గదా!" అన్నాడు రామాంజనేయులు.

నల్లప్ప పగలబడి నవ్వినాడు. కదిరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శశికుమార్ మాత్రం నవ్వలేదు. "జానెడు దూరంలోనా?" అన్నాడు మెల్లగా.

"చేయి వణకలేదన్న్యాడే, అది గూడా అబద్ధం," అంది బయమ్మ. "ఒళ్లంతా వణకతాండాది. డబ్బా ఆడనే పారేసి నన్ను వీపున ఏసుకోని దిగినాడు కొండ. ఆయన గుండె దడదడ కొట్టుకునేది నాకు తెలుస్తాండాది. నా నెత్తురు ఆయన పంచెనిండా కారతాండాది. నాకు కండ్లు మూతలు పడతాండాయి. అప్పుడు మొదలుపెట్టినాడు. 'బయమ్మా, భయపడాకు, నా చేతిలో బోపయ్య సావుకారు తుపాకీ ఉండాది, మీట లాగి పెట్టుకోనుండా, ఇంకోటి వస్తే చూడు దాని గతి' అని. ఏడుస్తా చెప్తాడు, మళ్ల 'పంది దూడంత ఉండాది' అంటాడు. 'ఆ తర్వాత ఏమైందో తెలుసా, అడుగు బయమ్మా, అడుగు' అంటాడు. అడిగితి. రోడ్డు కాడికి వచ్చేదాకా అడుగుతానే ఉంటి. అప్పుడు పందీ, కండక్టరూ, అంతే. ఈ మోడాలూ గాలిమరలూ తర్వాత పెరిగినాయి."

రామాంజనేయులు గ్లాసు దించినాడు. "నువ్వు ఒంటిమీద తెలివి లేక కలవరిస్తాండావనుకుంటినే నేను."

"నువ్వు చెప్తాంటే ఉండాది అన్నా."

రోడ్డు మీద లారీ ఒకటి పోయింది. దుమ్ము లేస్తే కదిరమ్మ టీ గిన్నె మీద మూత పెట్టింది.

నల్లప్ప రామాంజనేయులు వైపు తిరిగినాడు. "ఎంత మనిషివప్పా నువ్వు! మందు డబ్బాతో ఎలుగ్గొడ్డు మీదికి పోయినావా? మాకు ఇన్నాళ్లూ ఈ కత చెప్పకుండా పాపిట్లు చెప్తివే?"

"దీన్ని చెప్తే ఎవురు నమ్ముతారప్పా?" అన్నాడు రామాంజనేయులు చిరాగ్గా. "మందు డబ్బా అంటే నవ్వుతారు. ఇప్పుడు నవ్వినావు గదా నువ్వు!"

నల్లప్ప జేబులో చేయి పెట్టినాడు. కొత్త బీడీ తీసి తనకు కాకుండా రామాంజనేయులుకు ఇచ్చినాడు.

శశికుమార్ చెప్పులు గట్టిగా వేసుకున్నాడు. కొండదారి వైపు రెండు అడుగులు వేసి ఆగినాడు. "సద్దు చేసుకుంటా పోవాలన్నావు గదా పెద్దమ్మా. ఒంటిగా పోతాంటే ఎవురితో మాట్లాడేది?"

బయమ్మ రామాంజనేయులును కాళ్ల నుంచి తల దాకా ఒకసారి చూసింది. "ఈయన్ను తోలుకోని పో నాయనా. తుపాకీ ఎందుకు నీకు? ఈయన నోరు తెరిస్తే ఈ కొండలో కాదు, మదనపల్లి దాకా ఎలుగ్గొడ్డు నిలబడదు."

అంగడంతా నవ్వింది. రామాంజనేయులు లేచి, టువాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "నేనేమన్నా డప్పునా మీకు?" అంటూనే శశికుమార్‌ను దాటి ముందు నడిచినాడు. కొండదారి తిరిగే చోట, ఆయన చేతులు చాపి ఆ పిల్లోడికి ఏదో పెద్ద కొలత చూపిస్తుండడం కనబడింది.

ఆటో వచ్చి ఆగింది. బయమ్మ ఎక్కబోతూ, కుడిచేయి నోటికి అడ్డం పెట్టి కొండకేసి గట్టిగా అరిచింది.

"అన్నా! దిగేటప్పుడు నీకెవురూ తోడుండరు, ఒక్కడివైనా మాట్లాడుకుంటానే రా!"