తుపాకికి పదేళ్లు

కాలిఫోర్నియా జైలు ఆవరణలో ముసలి ఖైదీ ఓటిస్ క్షవరం మిషన్ పట్టుకుని లేమార్ వెనక నిలబడ్డాడు.

"తాతా, దోపిడీకి వేసిన మూడేళ్లు ఇవాళ్టితో సరి!"

"అయితే రేపు ఇంటికేనా?"

"ఎక్కడికి? చేతిలో తుపాకి ఉన్నందుకు విడిగా ఇంకో పదేళ్లు. రేపు జడ్జిగారు కొట్టేస్తే తప్ప."

"పేల్చావేంట్రా?"

"అందులో గుళ్లే లేవు."

"లేకపోతేనేం, మన నల్లోళ్లకి ఆ పదీ కొసరు."

"మరి నాలాగే దోపిడీ చేసిన ఆ తెల్లోడు కోల్టన్‌ది గుళ్లున్న తుపాకేగా?"

"ప్రభుత్వ ప్లీడరు ఆ తుపాకిని కేసు కాగితాల్లో ఎక్కించలేదురా. కుర్రాడు, బతుకు పాడవుతుందన్నాడు."

లేమార్ నవ్వి తల వంచాడు.

"ఎలా కత్తిరించమంటావు?"

"కుర్రాడిలా కనిపించాలి తాతా."

"ఇరవై ఒకటేగా నీకు! కుర్రాడివే కదరా?"

"అది జడ్జిగారికి కనపడాలిగా."