ఎర లేని గాలం

ఆగరా సూర్యకిరణ్, ఆగు. ఆ రొయ్య దానికి గుచ్చకు. ఇదిగో, ఈ కొత్తదానికి గుచ్చుకో. ఆ పాత గాలానికి ఎర పెట్టకూడదు. ఏంటి, మొక్కా అంటావా? ఆ, మొక్కే అనుకో. కూర్చో చెప్తాను, ఎలాగూ పోటెక్కేదాకా సుబైటీ చేప ఇటు రాదు. ముందు ఆ జాకెట్ జిప్పు పెట్టుకో, ఈ ఫింటాస్ రాళ్ల మీద జనవరి గాలి ఎముకల్లోకి దూరిపోద్ది. ఎగైలా మాల్లో అత్తరు వాసనలో ఉద్యోగం చేసే దొరవి, నీకేం తెలుస్తాది. ఆ గాలం వెంకటరాముడిది. ఆడు కువైట్ వదిలేసి పదహారేళ్లయింది. నీకప్పటికి మూతి మీద మీసం కూడా లేదు.

రాయచోటి వైపోడు. ఎక్కడ రాయచోటి, ఎక్కడ సముద్రం? ట్యాంకరొస్తే బిందెలు పట్టుకుని పరిగెత్తే ఊరంట ఆళ్లది. అలాంటోడు శుక్రవారం మధ్యాహ్నం అయ్యేసరికి గాలం భుజానేసుకుని తయారు. మనమా, కోనసీమలో కాలవ గట్టున పుట్టినోళ్లం, ఉగ్గుపాలతో పాటు చేపల పులుసు తాగినోళ్లం, మనం చూసి నవ్వుకోవద్దా? నేనైతే గంగపుత్రుడొచ్చాడు లేవండ్రా, చోటివ్వండ్రా అనేవోణ్ణి. ఆడు కూడా నవ్వేసేవోడు. కోపం రాదు వెధవకి, అదే నాకు మంట. ఒక చలికాలం అంతా నిలబడ్డాడు, ఒక్క చేప తగల్లేదు. నేను చూడు, ఏ గాలికి ఏ ఎర పెట్టాలో, సీసం గుండు ఎంత బరువుండాలో, రాళ్ల మధ్య ఏ సందులో వెయ్యాలో, అంతా నోటికి అప్పజెప్తాను. అచ్చిబాబు బాబాయి పక్కన నిలబడితే చేప తగుల్తాదని జనం ఎగబడేవోళ్లు. ఆ రోజులే వేరులే.

రెండో చలికాలంలో ఒకసారి ఆడి గాలం రాళ్లలో ఇరుక్కుంటే లాగి పెట్టాను. చూద్దును కదా, కొక్కేనికి ఎర లేదు. తినేసిందేమో అనుకున్నాను. ఇంకోసారి చూశాను, లేదు. మూడోసారి నిలదీశాను. ఏరా, ఎర లేకుండా గాలమేసే మహానుభావుడివి నువ్వొక్కడివేనా, ఇంకా ఎవరైనా ఉన్నారా మీ జిల్లాలో అని. అప్పుడు చెప్పాడు, నెమ్మదిగా, అటు చూస్తా. అదిగో ఆ ఇసకలో చాప పరుచుకుని కువైటీలు కూర్చుంటారు చూడు, అక్కడికి చలికాలం అంతా ప్రతి శుక్రవారం సబా అల్ సలేం నుంచి ఒక కుటుంబం వచ్చేది. ఆళ్లతో ఒక పనిమనిషి, సంకలో పిల్లోడు, చేతిలో చాయ్ ఫ్లాస్కు. పేరు గురమ్మ. ఈడి పెళ్లాం.

ఆ, పెళ్లామే. ఆవిణ్ణి పంపిన ఏజెంటు పుణ్యాత్ముడు ఏం చెప్పాడంటే, మొగుడు ఇక్కడే డ్రైవరుగా ఉన్నాడని మామాకి, అంటే ఆ ఇంటి యజమానురాలికి, తెలిస్తే ఇంట్లో ఉంచుకోదు, మొగుడు ఇండియాలో ఉన్నాడని చెప్పమన్నాడు. ఈళ్లు నమ్మేశారు. ఎనిమిదేళ్లు అదే మాట మీద ఉన్నారు. ఒకే దేశంలో ఉండి, కారెక్కితే పావుగంట దూరంలో ఉండి, మాటల్లేవు. శుక్రవారం ఆవిడ అక్కడ, ఈడు ఇక్కడ, చూసుకోడం, అంతే. మరి గాలమెందుకురా అన్నాను. "ఉత్త చేతులతో నిలబడి ఆడోళ్ల దిక్కు చూస్తాంటే పోలీసోళ్లు బతాకా కార్డు అడుగుతారన్నా. గాలముంటే ఎవురూ అడగరు" అన్నాడు. దూరం నుంచి చూస్తే కడుపు నిండుతాదా అని ఎకసెక్కంగా అన్నాను. నిండదన్నా అన్నాడు. మళ్లీ అటు తిరిగాడు. నాకు నవ్వాగలేదు. ఈ కథ రూములో అందరికీ చెప్పి నవ్వించాను కూడాను.

నవ్వి ఊరుకుంటే బాగుండేది. నాకు నా గొప్ప ఒకటుంది కదా. మన పక్కన రెండేళ్లు నిలబడినోడు ఉత్తచేతుల్తో పోతున్నాడు, మన పరువేం కావాలి అనిపించింది. ఒక శుక్రవారం ఆడు అటు చూస్తుంటే గమ్మున ఆడి గాలానికి మంచి రొయ్య గుచ్చి నేనే విసిరి, కర్ర ఆడి చేతిలో పెట్టాను. ఆడికి సోయి లేదు. పది నిమిషాలయిందో లేదో, పడింది. ఎంతనుకున్నావ్, ఇంతుంది, నా చెయ్యి పొడుగు. ఆడికి చేపని లాగడం ఎప్పుడు తెలిసేడిసింది కనక. అదిటు లాగితే ఈడటు, నాచు మీద కాలు జర్రున జారింది, నడుం దాకా నీళ్లలోకి పోయాడు. నేను అందుకునే లోపల గురమ్మ వచ్చేసింది. పిల్లోణ్ణి మామా ఒళ్లో పడేసి, చెప్పుల్లేకుండా, ఈ రాళ్ల మీద పరిగెత్తుకుని. ఆడి చొక్కా కాలరు పట్టుకుని పైకి లాగి, "నీకేమన్నా పొయ్యేకాలమా? ఈత రానోనికి సముద్రమేల?" అని ఒకటే తిట్లు. ఎనిమిదేళ్ల తిట్లు ఒక్కసారే తిట్టింది.

వెనకాలే మామా వచ్చింది. హాదా మిన్, ఎవరీ మనిషి అంది. ఈడు తడి బట్టల్తో వణుకుతా, ఒక చేతిలో చేప కొట్టుకుంటా ఉండగా, మా అరఫ్ అన్నాడు, నాకు తెలీదని. పెళ్లాం ఉద్యోగం పోద్దని. కాలరేమో ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది, తెలీదంట. గురమ్మ ఆడి మొహంలోకి ఒకసారి చూసి, మామా వైపు తిరిగి, జోజీ అంది. నా మొగుడు అని. కాలరు వదల్లేదు.

మామా అరవలేదు. అక్కడే రాయి మీద కూలబడి ఏడ్చింది. ఎనిమిదేళ్లు నా పిల్లల్ని పెంచావు, ఒక్క మాట చెప్పలేకపోయావా, చెప్పుంటే నేనే శుక్రవారం శుక్రవారం ఆయన దగ్గర దింపేదాన్ని కదా అంది. అని, అబద్ధమాడిన మనిషిని పిల్లల దగ్గర ఉంచలేనని పది రోజుల్లో టికెట్టు కొని పంపేసింది. చూశావా, ఏజెంటు ఎంత తెలివైనోడో, ఆణ్ణి నమ్మినోళ్లు ఎంత తెలివైనోళ్లో. అందరికంటే తెలివైనోణ్ణి నేను, రొయ్య గుచ్చినోణ్ణి.

ఆ నెలాఖరుకి ఈడూ తన యజమాని, అదే కఫీల్, దగ్గరికెళ్లి ఖలాస్, ఇక చాలు, పోతానన్నాడు. నేను తిట్టాను. బంగారం లాంటి ఇల్లు, మంచి కఫీలు, ఇంకో నాలుగేళ్లు కళ్లు మూసుకుంటే స్థిరపడతావురా అన్నాను. "కళ్లు తెరుచుకోని చూసేదానికే కదన్నా నేనీడ నిలబడింది. ఇప్పుడేమి చూడాల?" అన్నాడు. రొయ్య సంగతి ఆడికి తెలుసు, ఒక్క మాట అన్లేదు. గాలం నాకిచ్చి పోయాడు. పిచ్చోడు పోయాడ్రా అని ఆ రాత్రి రూములో మళ్లీ అందర్నీ నవ్వించాను.

నేను తెలివైనోణ్ణి కాబట్టి ఉన్నాను. ముప్పై నాలుగేళ్లు. మీ పిన్ని అచ్చాయమ్మ ఎప్పుడొస్తావని అడిగితే, ఈ చలికాలం అవ్వనీ, చేపలు బాగా పడతన్నాయి అనేవోణ్ణి. సరదాకే అనుకో. సరదాకే అంటానని దానికీ తెలుసు. తర్వాత కరోనా వచ్చింది. మీ పిన్ని ఆ రోజుల్లోనే పోయింది. కర్ఫ్యూ, విమానాల్లేవు. మా మేనల్లుడు వీడియో కాల్ చేసి ఫోన్ పట్టుకున్నాడు. ఎండ పడి సరిగ్గా కనపడలేదు. కొంచెం ఇటు తిప్పరా, మొహం చూపించరా అన్నాను, తిప్పాడు, అంతలో సిగ్నల్ పోయింది.

మర్నాడు వెంకటరాముడు ఫోన్ చేశాడు, ఎవరు చెప్పారో ఏంటో. వెనకాల గురమ్మ ఎవర్నో గదమాయిస్తుంది, వినపడతా ఉంది. వదినెను చూస్తివా అన్నా అని అడిగాడు. చూశాన్రా అన్నాను. దూరం నుంచి.

అదిగో, నీ కర్ర వంగుతుంది. లాగు.