ఇంటి నేల కింద బిడ్డ

ఆళ్లగడ్డ దగ్గర ఒక చేనులో వేల ఏళ్ల నాటి ఊరు బయటపడింది. తవ్వకం పనికి వచ్చిన బీజాన్, ఒక ఇంటి నేల కింద దొరికిన కుండ దగ్గర కూర్చుని లేవలేదు. తవ్వకాల అధికారిణి సంధ్య వచ్చి పక్కనే కూర్చుంది.

"దీంట్లో ఉండేది ఏంది మేడమ్?"

"పసిబిడ్డ ఎముకలమ్మా. పుట్టిన కొద్దిరోజులకే పోయినట్టుంది."

"ఇంట్లోనే పూడ్చుకున్యారా?"

"అప్పట్లో కొందరు అట్లా చేసేవాళ్లు. ఎందుకో మాకూ తెలీదు."

బీజాన్ కుండ అంచు మీద మట్టిని వేలితో తుడిచింది.

"నాకూ ఒక బిడ్డ పోయింది మేడమ్. పేరు గూడా పెట్టలే. మగోళ్లు ఎత్తుకపోయి పూడ్చినారు. నన్ను వాకిలి దాటనీలే. యాడ పూడ్చినారో ఈ పొద్దుకీ తెలీదు."

"మీ ఆయన్ని అడగలేదా?"

"అడిగితే మర్చిపో అన్యాడు. ఇప్పుడు ఆయనా లేడు."

బీజాన్ కుండ మీద చెయ్యి పెట్టింది.

"దీన్ని ఈడనే ఉండనీరా మేడమ్? వాళ్లమ్మ పెట్టుకున్న చోటు గదా."

"వానొస్తే నీళ్లలో కలిసిపోతుందమ్మా. ఎత్తక తప్పదు."

"అట్లయితే నేను ఎత్తుతా. మగోళ్లను పిలవద్దండి."

జీపు దగ్గర ఇద్దరు కూలీలు సిద్ధంగా ఉన్నారు. సంధ్య వాళ్లను ఆగమని చెయ్యి ఊపింది.

"బరువుంటుంది. ఇద్దరం పట్టుకుందాం."

బీజాన్ కొంగు నడుముకు చుట్టి, రెండు చేతులూ కుండ అడుగుకు పోనిచ్చింది.

"బిస్మిల్లా," అంది.

సంధ్య అవతలి వైపు పట్టుకుంది. జీపు దాకా ఎక్కడా దించకుండా, బీజాన్ ఆ బిడ్డతో నడిచింది.