మొండయ్య మామ మిర్చి తాడు

మొండయ్య మామ నోరు తెరిస్తే ఇల్లందు బస్టాండు ముందు ఆగిన ఆటో కూడా ఇంజను బంద్ చేసుకుని వింటుందని రూప్లి అంటుంది. అక్కడి టీకొట్టు ఆమెదే కాబట్టి ఆమె మాట నమ్మాల్సిందే. మామ బొగ్గుబాయిలో బొగ్గు నింపిన టబ్బులు లాగే ఇనుప తాడు దగ్గర ముప్పై మూడేళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. మాటను కూడా ఆ తాడులాగే లాగుతాడు, ఎంత లాగినా తెగదు.

ఆ సాయంత్రం ఫస్ట్ షిఫ్ట్ దిగి వచ్చిన జకర్యాకు మాత్రం కబుర్ల మీద మనసు లేదు. ఆకులు ముడుచుకుపోయే బొబ్బర తెగులు నిరుడు అతని ఇరవై గుంటల మిర్చినీ మింగేసింది. ఈసారి కూడా పోతే ఇక మిర్చి మాటెత్తొద్దని భార్య సంపూర్ణ తేల్చి చెప్పింది. రేపు పొద్దున నారు పోయాలి. ఆ విత్తనం ఇప్పుడు అతని జేబులో, మొండయ్య మామ ఎండాకాలంలోనే ఇచ్చిన గుడ్డమూటలో ఉంది. నిరుడు మామ పెరట్లో హైబ్రిడ్ మిర్చి విరగకాసింది, ఆ పండుకాయల గింజలే ఇవి.

"ఇది కచ్చితంగ కాస్తదా మామా?" అని అడిగాడు జకర్యా. ఆ మాత్రం చాలు మామకు.

"కాస్తదా అంటవేంది అల్లుడా! నేనేం పెద్ద పని చెయ్యలే. ఒక్క పండుమిరపకాయ నూరిన, గంతే. ఉప్పు, సబ్బునీళ్ళు కలిపి, వడగట్టి, పైనుంచి చల్లటి స్పిరిట్ మెల్లగ పోసిన. మా మనుమరాలు నవత ఇంటర్ బైపీసీ గద, పొద్దుగాల గట్టిగ చదువుతుంటే నేను చెవులు మూసుకుంటనా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? తెల్లటి పోగు పైకి తేలింది. అదే డీఎన్ఏ! మిర్చి మిర్చే ఎందుకైతదో, బెండ ఎందుకు కాదో అంత దాంట్లనే రాసుంటది."

"కండ్లార చూసినవా అన్నా?" టీ వడపోస్తూ రూప్లి అడిగింది.

"చూసుడేంది, పట్టుకున్న! రెండు పేటలు మెలేసుకుని ఉంటది, మన బాయి తాడు లెక్క. నడుమ నిచ్చెన మెట్లు. అక్షరాలు నాలుగే. ఏ ఉన్నకాడ ఎదురుంగ టీ, జీ ఉన్నకాడ సీ. వేరేదానితోని సంబంధం కలుపుకోవు, మన పెద్దమనుషులకన్న పట్టింపు వాటికి. గసొంటి తాళ్ళు సగం తల్లి చెట్టు ఇస్తది, సగం తండ్రి చెట్టు ఇస్తది."

జకర్యాకు కాస్త ధైర్యం వచ్చింది. ఉత్తి కోతలైతే ఇన్ని వివరాలు ఎక్కడినుంచి వస్తాయి అనుకున్నాడు.

"పుల్లకు చుట్టుడు షురూ చేసిన. వస్తనే ఉంది. పుల్ల నిండింది, రోకలికి చుట్టిన. రోకలి నిండింది, మంచం కోళ్ళకు చుట్టిన. ఆఖరికి కొస పట్టుకుని బస్సెక్కి బూర్గంపాడుల దిగిన, ఇంకా మా ఇంట్ల గిన్నెలకెల్లి వస్తనే ఉంది! గోదావరి నిండు వరద. ఓ పడవ కొట్టుకపోతుంటే, అందుల ఇరవై మంది లబోదిబోమంటుంటే, ఆ మిర్చి తాడు ఇసిరి ఒడ్డుకు గుంజిన!"

"పడవోళ్ళకు చేతులు మండలే?" అంది రూప్లి.

"మండినయ్ కాబట్టే చలికి బతికిన్రు! అది వదిలెయ్. వాపస్ వచ్చి అద్దాలు పెట్టుకుని ఆ తాడంత చదివిన, మూడు దినాలు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బొబ్బరకు తలుపు తీసే అక్షరం ఒక్కటి దొరికింది. ముల్లు తీసే పట్టకారుతోని పీకి, సరైన అక్షరం పెట్టి కుట్టేసిన. ఇగ ఏడు తరాలు పోసినా ఒకటే తీరు కాస్తది! ఒక్క కాయ కొరికిన కోతి భద్రాచలం దాంక ఉరికింది. ఇప్పటికీ గోదాట్ల నాలుక ముంచుకునే కూసుంది!"

కొట్టంతా నవ్వింది. జకర్యా జేబులోని మూట తడుముకుని, "సరే మామా, రేపు మొత్తం ఇదే పోస్త" అన్నాడు.

మామ టీ గ్లాసు మధ్యలోనే ఆగింది. "మొత్తమెందుకు అల్లుడా? కొంచెం పోసి చూడరాదు..."

ఇంతలో గ్లాసులు పెట్టడానికి చోటు చాలక రూప్లి బల్ల మీది మామ సంచి పక్కకు జరిపింది. మెరిసే పాకెట్ ఒకటి జారి కిందపడింది. మీద ఎర్రటి మిరపకాయ బొమ్మ, ఇంకా చింపని కంపెనీ సీలు.

"గిదేంది అన్నా? ఏడు తరాల విత్తనం ఇంట్ల పెట్టుకుని దుకాణంల కొత్తది కొన్నవు?"

మామ గొంతు సన్నబడింది. "నవత తెమ్మన్నది. హైబ్రిడ్ విత్తనం దాచి మళ్ళ పోస్తే తల్లి గుణాలు, తండ్రి గుణాలు చీలిపోతయట. పోయిన నెల పెరట్ల పోసిన. పది మొక్కలు పది తీర్లు వచ్చినయ్. రెండింటికి అప్పుడే బొబ్బర. నీకు చెప్దామనే వచ్చిన అల్లుడా, నడుమల ఆ పడవ అడ్డమొచ్చింది."

జకర్యాకు ముందు ఒళ్ళు మండింది. తర్వాత, ఈ మాట నారు పోశాక కాకుండా ఇవాళే బయటపడింది కదా అని ప్రాణం కుదుటపడింది. నిజంగానే సంతోషంగా అనిపించింది. విత్తనాల దుకాణం ఇంకా తెరిచే ఉంటుంది. లేచి గుడ్డమూట తీసి మామ చేతిలో పెట్టాడు.

"విత్తనం నేను కొనుక్కుంట మామా. తాడు మాత్రం జాగ్రత్తగ దాచు, ఈ నెల గోదావరి మళ్ళ పొంగుతదట."