తలుపు పక్క పీట

కూర్చోమనకండి మదర్. ఈ గుమ్మంలోనే నిలబడతాను. పెద్దమ్మ మోకాళ్ల పీటని మళ్లీ తలుపు దగ్గరికి ఎవరు జరిపారనేగా పిలిపించారు? నేనే. మొన్నా నేనే, నిన్నా నేనే. పిల్లి మీదా ఎలుక మీదా పెట్టి అనడమెందుకు, సూటిగా అడిగితే సూటిగానే చెబుతానుగా.

మన మఠం పెట్టిన మనిషి మోకరించిన పీట అది. దాన్ని ప్రార్థనగదిలో బలిపీఠం ముందుకు తెచ్చి, చుట్టూ తాడు కట్టి, పూలు పెట్టారు. వచ్చేవాళ్లకి చూడ్డానికి బాగుంటుందంటారు. బాగుండక ఏం? కానీ ఆవిడ అక్కడ ఎప్పుడు మోకరించింది?

తలుపు పక్కనే మోకరించేది మదర్. వీధి తలుపు ఎవరైనా కొడితే ముందు తనకే వినబడాలని. జపమాల సగంలో ఉన్నా లేచి వెళ్లేది. వచ్చిన రోగి పుండు కడిగి, పక్క మార్చి, చేతులు తుడుచుకుంటూ వచ్చి మళ్లీ మోకరించేది. "ఎక్కడ ఆపారో గుర్తుంటుందా అమ్మా?" అని అడిగాను, నేను చేరిన కొత్తలో. "ఉండదే. మొదటినుంచీ చెబుతాను. విన్నదే విన్నా మరియతల్లి విసుక్కోదు" అంది.

పెద్ద ఫాదర్ వేరు. ఇద్దరూ కలిసే మఠం పెట్టారు గానీ, ఆయన బలిపీఠం మీది దివ్యసత్ప్రసాదం ముందు ఆరాధనకి కూర్చుంటే పిడుగు పడినా కదలడు. ఆరాధన మధ్యలో లేచిపోతావేమిటని ఆవిడ్ని మొహం వాచేలా చీవాట్లు పెట్టాడు. అయినా తలుపు చప్పుడైతే ఆవిడ లేచే వెళ్లేది. ఓసారి ఆవిడ జ్వరంతో పడుకుంటే, తలుపు ఆయనే తీయాల్సొచ్చింది. గుమ్మంలో పడున్న మనిషిని చేతుల మీద మోసుకొచ్చాడు. మర్నాటినుంచి ఆయన కుర్చీ కూడా తలుపు దగ్గరికొచ్చేసింది.

అదీ వాళ్ల భక్తి. తలుపు వదిలేసి పీటొక్కటే చూపిస్తానంటే నేనెలా ఊరుకుంటాను?

ఏమిటీ? ఇంకోసారి జరిపితే కొండమీది మఠానికి పంపేస్తారా? పంపండి. విధేయతకి మాటిచ్చినదాన్ని, మూట కట్టుకుని వెళతాను. పెద్దమ్మ సమాధి పక్కన ఇంత చోటు దొరుకుతుందని ఆశపడ్డాను, అది పోతుంది. ఏడుపొస్తోంది కూడా. అయినా ఇక జరపనని మాత్రం మాటివ్వను.

ఆ మాటకొస్తే, జరిపే పని కూడా లేదులెండి. పొద్దున్నే వడ్రంగిని పిలిచి, తలుపు పక్కనే పీట కాళ్లు నేలకి బిగించేయించాను.

ఉండండి. ఎవరో తలుపు కొడుతున్నారు. మీ కుర్చీలోకి వినబడదు మదర్. అందుకే నేను కూర్చోలేదు.