దొరగారి చీటీ

అమెరికా అంతర్యుద్ధం మూడో ఏడు. ఉత్తరాది సేన చేజిక్కించుకున్న నాచెజ్ ఊరి పొలిమేరలో, నీలం కోటు వేసుకున్న నల్ల సిపాయి ఒక పత్తితోట యజమాని గుర్రాన్ని ఆపాడు.

“ఊరు దాటాలంటే చీటీ చూపించండి, దొరగారూ.”

“ఒరేయ్, నువ్వా! నా తోటలో పుట్టి, నా తిండి తిని, నన్నే ఆపుతావా?”

“ఆ తిండి వండింది మా అమ్మేగా. చీటీ తీయండి.”

“మీ అధ్యక్షుడు కాగితం మీద ఏదో గీకాడని ఇంత మిడిసిపాటా?”

“మామూలు గీకుడా అది! బానిసత్వం నుంచి మాకు విడుదలన్నాడు. అదే కాగితంలో తుపాకీ పట్టొచ్చనీ అన్నాడు. ఆ రెండో మాట లేకపోతే మొదటిదాన్ని మీరు పొయ్యిలో పెట్టేవారు.”

“ఇదిగో, చూసి ఏడువు. చదవడం ఎలాగూ రాదుగా.”

“తోటలో రాదు. ఇక్కడికొచ్చాక పాదిరిగారి భార్య నేర్పింది. ‘ఈ మనిషిని... పొద్దుగూకేదాకా... పోనివ్వవలెను.’ నేను తోట దాటాలంటే అచ్చం మీరు రాసిచ్చిన మాటలే!”

“చదివావుగా, ఇక తప్పుకో.”

“తారీఖు కూడా చదివాను. ఇది నిన్నటిది. నిన్నటి పొద్దు నిన్ననే గూకింది.”

“ఒక్క రోజుకేనా ఇంత రాద్ధాంతం?”

“ఒక్క గంట ఆలస్యమైనందుకు నా వీపు మీద మీరు రాయించింది ఇంకా చెరగలేదు. భయపడకండి, ఇక్కడ కొరడా లేదు. కొత్త చీటీ ఆ గుడారం దగ్గర ఇస్తారు.”

“అక్కడ అంత పెద్ద వరస ఉందే!”

“చివర్లో ఉన్నది మా అమ్మ. గుర్రం దిగి, ఆవిడ వెనకాల నిలబడండి.”