పారబోసిన తెల్లనీళ్ళు

2002. బెంగళూరులో ఒక రసాయన ప్రయోగశాల. అటెండరు సీసాలు కడుగుతుండగా పరిశోధక విద్యార్థిని పరుగున వచ్చింది.

"అన్నా, ఆగండి! సీసాల్లో పైన తేలిన తెల్లనీళ్ళేవి?"

"పారబోసేసినా మేడమ్. అడుగు పొడి దాచి, పైనీళ్ళు పారబొయ్యమని రెండేళ్ళుగా మీరే చెప్తా ఉండారు కదా."

"నా తెలివికి దండం! పొడిలోని ఆక్సైడు పొరలు విడిపోవాలని అమీన్ అనే రసాయనం కలిపి వారంపాటు కుదిపేది నేనే. విడిపోయినవన్నీ ఆ నీళ్ళలోనే తేలుతాయని ఈ రోజే తట్టింది. ఇన్నాళ్ళూ విడిపోని పొడిని పరీక్షించి, పొరలు విడిపోలేదని ఏడ్చాను."

"ఇప్పుడెట్ల?"

"సాయంత్రంలోగా పొరలు చూపించకపోతే మా గైడు సార్ నా టాపిక్ మార్చేస్తారు."

"ఇంకొక సీసా ఉండాది మేడమ్. కడగలే."

"బతికించారు! ఎందుకు కడగలేదు?"

"మూత రాలే. పోయిన వారం బిగించింది మీరే."

"పట్టుకోండి, ఇద్దరం తిప్పుదాం. రెండేళ్ళలో నేను సరిగ్గా చేసిన పని ఈ మూతొక్కటే."